గొంతు దిగని గోలి

జూలై 3, గురువారం

ఈ రోజు జువాలజీ క్లాసులో మా చాప్టర్ వచ్చింది.

మా చాప్టర్ అని రాసి నాకే నవ్వొచ్చింది. రోగనిరోధక వ్యవస్థ పాఠం. దాని చివర ఎయిడ్స్ గురించి పేజీకి కాస్త ఎక్కువ ఉంటుంది. పుస్తకం కొన్న రోజే తెరిచి చూశాను. ఎప్పుడొస్తుందా అని అప్పటి నుంచీ భయపడుతూనే ఉన్నాను. జోగారావు సార్ చెడ్డవారు కాదు. చదివి వినిపించారు. బోర్డు మీద వైరస్ బొమ్మ వేశారు. పూర్తిగా నయం చేసే మందు లేదని చెప్పి, నాలుగు మార్కుల ప్రశ్న రావచ్చు అన్నారు. వెనక బెంచీల్లో ఎవరో ఏదో అన్నారు. క్లాసంతా నవ్వింది.

కల్పలత నా చెవి దగ్గరకు వంగి, అలాంటి వాళ్ళు పక్కన కూర్చుంటే తను ఆ రోజే కాలేజీ మానేస్తానంది. తన మోచెయ్యి నా మోచేతికి తగులుతోంది. ఇంటర్ ఫస్టియర్ మొదలైనప్పటి నుంచీ మాది ఒకే బెంచీ. మధ్యాహ్నం నా బాక్సులో చెయ్యి పెట్టకపోతే తనకు అన్నం తిన్నట్టే ఉండదు.

నేనూ నవ్వాను. అందరికంటే ఎక్కువసేపు నవ్వానేమో.

రాత్రి అన్నాలు తిన్నాక రోజూలాగే అమ్మ రెండు డబ్బాలూ తెచ్చింది. తనదొకటి, నాదొకటి. లోపల మందు ఒకటే. అమ్మకున్నదే నాకూ ఉంది, పుట్టుకతో వచ్చింది. చిన్నప్పుడు బలం మందు అనేది. పన్నెండేళ్ళప్పుడు, ఈ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సిలర్ షెకీనా మేడం దాని అసలు పేరు చెప్పింది. హెచ్ఐవీ. ఆ రోజు కూడా ఇంటికొచ్చి టాబ్లెట్ వేసుకున్నాను. ఒక్కరోజు మానలేదు.

ఈ రోజు నోట్లో పెట్టుకున్నాక గొంతు మూసుకుపోయింది. నీళ్ళు దిగాయి. టాబ్లెట్ దిగలేదు. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఊసేశాను.

రేపు వేసుకుంటాను.

జూలై 4

వేసుకోలేదు.

జూలై 9, బుధవారం

ఏమీ కాలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. ఇంత సులువా అని భయమేస్తోంది.

అమ్మ ముందు నోట్లో వేసుకుంటాను. నాలుక కింద పెట్టుకుని నీళ్ళు తాగుతాను. తర్వాత టిష్యూలో చుట్టి బ్యాగులో పెట్టుకుంటాను. పొద్దున బోయిన్‌పల్లి బస్టాప్ పక్కన కాలువలో పడేస్తాను. అమ్మ నన్ను నమ్ముతుంది. తను అప్పుడే గిన్నెలు సర్దుతూ ఉంటుంది, నా వైపు చూడను కూడా చూడదు.

కల్పలత ఈ రోజు కూడా నా బాక్సులోంచి బెండకాయ తింది. తినడం వల్ల రాదని తెలుసు. పక్కన కూర్చుంటే రాదు, గ్లాసు మార్చుకుంటే రాదు. షెకీనా మేడం చిన్న పిల్లకు ఎక్కాలు చెప్పినట్టు చెప్పింది. అన్నీ తెలుసు. అయినా తన చెయ్యి నా బాక్సులోకి వస్తుంటే నా ఒళ్ళంతా చెమట పడుతుంది. ఏదో ఒక రోజు తనకు తెలుస్తుంది. అప్పుడు తిన్న ముద్దలన్నీ తలుచుకుంటుంది.

పొద్దున లేవబుద్ధి కావడం లేదు. చచ్చిపోవాలని కాదు. అసలు లేకుండా ఉంటే బాగుండని. రెండూ ఒకటేనా?

జూలై 15, మంగళవారం

రాయకూడదనుకున్నాను. కానీ రాయకపోతే తల పగిలేట్టుంది.

ఆదివారం లష్కర్ బోనాలు. నానమ్మ ఈసారీ అమ్మను బోనం వండనివ్వలేదు. ఎందుకో ఎవరూ అడగరు. ఈ ఇల్లు నానమ్మది. రెండు గదులు, ముగ్గురం. నానమ్మ కంచం, చెంబు వేరే గూట్లో ఉంటాయి. మేము వాటిని ముట్టుకోము. మా నాన్న రాఘవేందర్ డీసీఎం వ్యాన్ డ్రైవర్. మదనపల్లె నుంచి ఇక్కడి మార్కెట్‌కు టమాటా తెచ్చేవాడు. నాకు మూడేళ్ళప్పుడు పోయాడు. లివర్ జబ్బని నానమ్మ అందరికీ చెప్పింది. నాన్న పోయాకే అమ్మకు టెస్టు చేశారు, తర్వాత నాకు. కోడలి అడుగు మంచిది కాదని నానమ్మ అనడం నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్నాను. అమ్మ ఒక్కసారీ ఎదురు చెప్పలేదు.

నిన్న అమ్మ నా పక్కన కూర్చుంది. మోండా మార్కెట్ దగ్గర టైలరింగ్ షాపులో పొద్దంతా బ్లౌజులు కుట్టి, వాచిన కాళ్ళతో వచ్చి, ఎందుకు మాట్లాడడం లేదు, ఎందుకు తినడం లేదు అని అడిగింది. ఏం లేదన్నాను. మళ్ళీ అడిగింది. ఎవరైనా ఏమన్నా అన్నారా అంది. తల నిమిరింది.

"నన్నెందుకు కన్నవ్ అమ్మా?" అన్నాను.

గట్టిగా కూడా అనలేదు. మామూలుగా అన్నాను. అమ్మ చెయ్యి నా తల మీద అలాగే కాసేపు ఉండి, తర్వాత జారిపోయింది. లేచి వెళ్ళి, కడిగిన గిన్నెలనే మళ్ళీ కడిగింది.

తనకు అప్పటికి తెలియదు. తెలియకుండానే కన్నది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

జూలై 19, శనివారం

దొరికిపోయాను.

అమ్మ యూనిఫామ్ ఉతుకుతుంటే, నేను బ్యాగులో పెట్టడం మరిచిపోయిన టాబ్లెట్ జేబులో దొరికింది. సగం కరిగి గుడ్డకు అంటుకుపోయింది. అమ్మ అరవలేదు. తిన్నాక రెండు టాబ్లెట్లు తీసి మూత మీద పెట్టి, ఎన్ని రోజుల నుంచి అని అడిగింది. చెప్పాను. ఎందుకని అడిగింది. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. వేసుకోమంది. చేతిలోకి తీసుకున్నాను, నోటి దాకా తీసుకుపోయాను, మళ్ళీ పెట్టేశాను. నా వల్ల కాదన్నాను.

అమ్మ తన టాబ్లెట్ తీసి డబ్బాలో వేసి మూత పెట్టింది.

"నువ్వు గోలి ఏసుకున్ననాడు నేను సుత ఏసుకుంటా."

బెదిరిస్తోంది. వేసుకోకుండా ఒక్కరోజు కూడా ఉండలేదు.

జూలై 20

ఉండగలిగింది.

జూలై 25, శుక్రవారం

అమ్మ నిజంగానే వేసుకోవడం లేదు. తను స్నానానికి వెళ్ళినప్పుడు డబ్బా తీసి చూశాను. తగ్గలేదు.

కోపమొస్తోంది. ఇది బ్లాక్‌మెయిల్ కాక ఇంకేంటి? నన్ను కొట్టినా బాగుండేది. నా ప్రాణం మీద నాకు హక్కుంది అనుకుంటే, తన ప్రాణం తెచ్చి దాని పక్కన పెట్టింది. ఇప్పుడు రెండూ నా చేతిలో ఉన్నాయి. నేను అడిగానా?

నేను మింగితే అయిపోతుంది. ఎంత పని. రోజూ మధ్యాహ్నమే నిర్ణయించుకుంటాను, ఈ రోజు మింగేస్తాను అని. బస్సులో కూడా ధైర్యంగానే ఉంటాను. తీరా చేతిలోకి వచ్చాక క్లాసులో నవ్వు వినిపిస్తుంది. అంతమంది కలిసి నవ్వినది. దాన్ని మింగమన్నట్టు ఉంటుంది.

మొండితనం కాదు ఇది. ఏంటో తెలియదు.

అమ్మకు ఇంతకు ముందు టీబీ వచ్చింది. అప్పుడు నేను నాలుగో క్లాసు. ముసుగు కట్టుకుని, మంచం మీద చిన్న పిల్లలా ముడుచుకుని ఉండేది. మళ్ళీ వస్తే? అమ్మ పోతే నేనూ నానమ్మా ఈ ఇంట్లో, వేర్వేరు కంచాల్లో తింటూ. ఇది రాయడానికి కూడా భయంగా ఉంది.

ఆగస్టు 1, శుక్రవారం

అమ్మకు జ్వరం.

ఆగస్టు 3, ఆదివారం

తగ్గలేదు. ఒళ్ళు నొప్పులంటోంది, కళ్ళ వెనక నొప్పి అంటోంది. నానమ్మ మిరియాల కషాయం కాచి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళింది. వానకు తడిసి వచ్చిన జ్వరమని తన ఉద్దేశం. టాబ్లెట్ల సంగతి తనకు తెలియదు.

అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలాను. నువ్వు వేసుకో, నేను తర్వాత వేసుకుంటా అన్నాను. అమ్మ కళ్ళు తెరవకుండానే తల అడ్డంగా ఊపింది. సరే అని నాది తీసి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని మింగాను. దిగింది. దిగిన వెంటనే అంతా కక్కేశాను. టాబ్లెట్, అన్నం, అంతా. అమ్మ జ్వరంతోనే లేచి గుడ్డ తెచ్చి నేల తుడిచింది. నేను గోడకు ఆనుకుని చూస్తూ ఉన్నాను.

రేపు చూద్దాంలే అంది. తను మాత్రం వేసుకోలేదు.

ఆగస్టు 5, మంగళవారం. ఆసుపత్రి కారిడార్

కొంచెం తగ్గినట్టుందని పొద్దున అమ్మ షాపుకు వెళ్ళింది. మధ్యాహ్నం షాపు ఓనర్ స్వర్ణలత ఆంటీ ఫోన్. మెషీన్ మీదే పడిపోయిందట. ఆటోలో బోయిన్‌పల్లి నర్సింగ్ హోమ్‌కు తెచ్చారు. నేను కాలేజీ నుంచి, నానమ్మ ఇంటి నుంచి వచ్చాం. డెంగీ కావచ్చట. ప్లేట్‌లెట్స్ బాగా పడిపోయాయి. చేతుల మీద ఎర్రటి చుక్కలు. అమ్మ మమ్మల్ని చూస్తోంది కానీ ఎవరమో తెలుస్తున్నట్టు లేదు.

డ్యూటీ డాక్టర్ చిన్నావిడ. రాసుకుంటూ, పేషెంట్ వేరే మందులేమైనా వాడుతోందా అని అడిగింది.

నానమ్మ నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగేలా. ఎందుకో నాకు తెలుసు. నాన్న ఆఖరి రోజుల్లో, అప్పటి ఆసుపత్రిలో, మంచానికి జబ్బు పేరు రాసి కాగితం అతికించారట. వచ్చేపోయే వాళ్ళంతా చదివారట. నానమ్మ ఈ కథ ఒక్కసారే చెప్పింది. ఆ కాగితాన్ని చించి కొంగులో దాచుకుందట.

డాక్టర్ మళ్ళీ అడిగింది. షుగరా, బీపీనా అని. నానమ్మ, ఏం లేవమ్మా, నా కోడలు మంచిగనే ఉండె అంది.

చెప్తే బయటికి పంపేస్తారు. చెప్పకపోతే ఏ మందు ఇస్తారో, ఏమవుతుందో. అమ్మ ప్లేట్‌లెట్స్ పడిపోయింది డెంగీకా, నా వల్లా? నేను చంపుతున్నానా? ఈ ప్రశ్న ఎవరిని అడగాలి? అడగాలంటే ముందు ఆ మాట అనాలి. పుట్టి పదహారేళ్ళయింది, ఆ మాట బయటి మనిషితో ఎప్పుడూ అనలేదు.

"మా అమ్మకు హెచ్ఐవీ ఉంది మేడం. టాబ్లెట్లు ఆపి పదిహేను రోజులు దాటింది. నాకు సుత ఉంది. నేను సుత ఆపేసిన."

నానమ్మ నా చెయ్యి వదిలేసింది.

డాక్టర్ పెన్ను ఒక్క క్షణం ఆగింది. అంతే. ఏ టాబ్లెట్, ఎక్కడి సెంటర్, ఎప్పుడు ఆపారు అని అడిగి, రాసుకుంది. మంచి పని చేశావు చెప్పి, అంది. సెంటర్ వాళ్ళతో మాట్లాడి అమ్మకు మళ్ళీ మొదలు పెడతామంది. నా వైపు చూసి, నీకు జ్వరమేమైనా ఉందా అంది. లేదంటే, నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. గ్లవ్స్ లేవు.

మంచానికి ఎవరూ ఏమీ అతికించలేదు. అరగంటకోసారి వెళ్ళి చూసి వస్తున్నాను.

ఆగస్టు 6, బుధవారం

షెకీనా మేడంకు ఫోన్ చేశాను. తిడుతుందనుకున్నాను. మొత్తం విని, ముందు నువ్వు ఏమన్నా తిన్నావా అంది. తర్వాత చెప్పింది. డెంగీ దోమతో వచ్చింది, నీతో కాదు. మందు ఆపడం మంచిది కాదు, అది వేరే సంగతి, దాన్ని సరిచేద్దాం. గొంతు మూసుకుపోవడం కూడా జబ్బులాంటిదే, మొండితనం కాదు, దానికీ డాక్టర్ ఉంది. సోమవారం నిన్ను నేనే తీసుకుపోతా అంది.

ఇంకో మాట కూడా అంది. అప్పటి నుంచీ అది బుర్రలో తిరుగుతోంది.

"అమ్మ మందు అమ్మది, నీ మందు నీది. ఒకళ్ళ కోసం ఒకళ్ళు మింగితే, ఒకళ్ళు ఆపిన రోజు ఇద్దరూ ఆపేస్తరు."

ఆగస్టు 8, శుక్రవారం

అమ్మ ఈ రోజు నన్ను గుర్తుపట్టింది. ప్లేట్‌లెట్స్ పెరుగుతున్నాయట. కొబ్బరినీళ్ళు స్పూన్‌తో పట్టాను. నానమ్మ కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. మంగళవారం నుంచీ నాతో మాట్లాడలేదు. ఇంటికీ వెళ్ళలేదు.

అమ్మకు చెప్పేశాను, డాక్టర్‌కు అంతా చెప్పానని. నన్ను బెదిరించడానికి అంత పని ఎందుకు చేశావు, నిజంగా పోయి ఉంటే ఏమయ్యేదాన్ని అని ఏడ్చాను. అమ్మ పైన ఫ్యాన్ వంక చూస్తూ మెల్లగా అంది.

"బెదిరిద్దామని కాదు బిడ్డా. ఇన్నేండ్లు నీ కోసమే ఏసుకుంటొచ్చిన. ఎందుకు కన్నవంటివి గదా, ఇగ నాకెందుకనిపిచ్చింది. నాకు సుత గొంతు దిగలే."

ఇన్ని రోజులు ఆటలో నేనొక వైపు, అమ్మ ఒక వైపు అనుకున్నాను. ఎవరు ముందు ఓడిపోతారా అని చూస్తున్నాను. అమ్మ అసలు ఆటలోనే లేదు. అమ్మ వెళ్ళిపోతోంది. పక్కనే పడుకుని, గిన్నెలు కడిగి, నా యూనిఫామ్ ఉతికి, వెళ్ళిపోతోంది. నాకు తెలియనే లేదు.

డెంగీకి కూడా ఇంత భయపడలేదు.

అప్పుడు కిటికీ దగ్గర నుంచి నానమ్మ మాట్లాడింది. మా వైపు తిరగలేదు. రోడ్డు మీద ఎవరితోనో మాట్లాడుతున్నట్టు.

"గిది నా కొడుకు తెచ్చిండు, ఊర్మిళా. నాకెరుకనే. నిన్ను ఆడిపోసుకుంట బతికిన."

అమ్మ కళ్ళు మూసుకుంది. మూసుకున్న కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. క్షమించు లాంటి మాటలు మా ఇంట్లో ఎవరికీ రావు. నానమ్మ లేచి, అమ్మ తాగి మిగిల్చిన కొబ్బరినీళ్ళ గ్లాసు తీసి, బాత్‌రూమ్‌లో పోసి, కడిగి తెచ్చి పెట్టింది.

ఆగస్టు 12, మంగళవారం

నిన్న మానసిక వైద్యురాలి దగ్గరకు వెళ్ళాను. షెకీనా మేడం బయట కూర్చుంది. చచ్చిపోవాలనిపిస్తుందా అని డాక్టర్ సూటిగా అడిగింది. చావాలని కాదు, లేకుండా ఉండాలని అన్నాను. అది కూడా చెప్పాల్సిన మాటే, మళ్ళీ అనిపిస్తే దాచుకోకుండా వెంటనే నాకో షెకీనాకో చెప్పు అంది. ఒక చిన్న మాత్ర రాసింది. వారం వారం రమ్మంది. అమ్మను కూడా.

హెచ్ఐవీ మందు పొద్దున పూట వేసుకోవచ్చా అని అడిగితే, వేసుకోవచ్చని సెంటర్‌లో చెప్పారు. రాత్రి, అన్నాల తర్వాత, అమ్మ ముందు అనేది లేకపోతే కొంచెం సులువేమోనని నా ఆశ. ఈ రోజు పొద్దున నానమ్మ పెరుగన్నంలో పెట్టి ఇచ్చింది, కుక్కపిల్లకు ఇచ్చినట్టు. దిగింది. కక్కలేదు.

ఆగస్టు 13

దిగలేదు. మేడంకు ఫోన్ చేశాను. మళ్ళీ ప్రయత్నించాను. మధ్యాహ్నానికి దిగింది.

ఆగస్టు 21, గురువారం

అమ్మ ఇంటికొచ్చి నాలుగైదు రోజులైంది. నీరసంగా ఉంది. మెషీన్ తొక్కొద్దన్నారు. నోట్లో టాబ్లెట్ వేసుకుంటుంది, నేను చూస్తాను. నేను వేసుకుంటాను, తను చూస్తుంది. ఒకరినొకరం పోలీసుల్లా కనిపెడుతున్నాం. షెకీనా మేడం వద్దన్నది ఇదే. కానీ చూడకుండా ఉండడానికి ఇద్దరికీ ధైర్యం లేదు.

సాయంత్రం కల్పలత వచ్చింది, మిస్సయిన నోట్స్ ఇవ్వడానికి. మీ అమ్మకు డెంగీ అంట కదా, మా వీధిలోనూ ఇద్దరికి వచ్చింది అంది. మంచం అంచున కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకుని మాట్లాడింది. నానమ్మ టీ ఇచ్చింది. బిస్కెట్లు తింది. వెళ్ళేటప్పుడు నన్ను కౌగిలించుకుని, నువ్వు లేకపోతే బెంచీ బోసిగా ఉందే అంది.

తెలిస్తే ఈ పిల్లే లేచి వెళ్ళిపోతుంది. లేదా వెళ్ళదేమో. క్లాసులో ఆ మాట అన్నదీ ఈ పిల్లే. ఎవరు నిజమో నాకు తెలియదు. చెప్పను. ఇప్పుడు చెప్పను. చెప్పకపోవడం కూడా నా ఇష్టమే అని డాక్టర్ అంది. ఆ మాట బాగుంది, కానీ భయం తగ్గలేదు.

సెప్టెంబర్ 2, మంగళవారం

రిపోర్టులు వచ్చాయి. ఇద్దరికీ వైరల్ లోడ్ పెరిగింది. నాది అమ్మకంటే ఎక్కువ. ఎప్పుడూ అసలు కనపడని వైరస్, ఇప్పుడు కాగితం మీద అంకెలై కూర్చుంది.

మందు పనిచేయడం మానేసిందా అని అడిగాను. ఇప్పుడే చెప్పలేం, సరిగ్గా వేసుకుంటే మళ్ళీ తగ్గే అవకాశం బాగా ఉంది, మూడు నెలల తర్వాత చూద్దాం అన్నారు. మూడు నెలలు! నేను డిసెంబర్ దాకా ఎలా ఆగాలి? బస్సులో అమ్మ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ప్యారడైజ్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. అమ్మ ఊపిరి తీస్తోందా లేదా అని వేలు ముక్కు దగ్గర పెట్టి చూశాను.

తీస్తోంది.

సెప్టెంబర్ 9, మంగళవారం

అమ్మ ఈ రోజు నుంచి మళ్ళీ షాపుకు. నన్ను చూడకుండా, నాకు చూపించకుండా తన టాబ్లెట్ వేసుకుని బస్సుకు పరుగెత్తింది. నానమ్మ కూరగాయలకు వెళ్ళింది. ఇంట్లో నేనొక్కదాన్నే.

మింగాను.

కాసేపు కూర్చున్నాను. కొత్త భయం పట్టుకుంది. ఇలాగే మింగుతూ పోతే చాలా ఏళ్ళు బతుకుతానేమో. దానికి నా దగ్గర ఏ ఏర్పాటూ లేదు. రేపు బోటనీ రికార్డు సబ్మిట్ చేయాలి. ఒక్క బొమ్మా వేయలేదు.